సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్: లాభం లైన్ మీద పడే 15.3 శాతం లెక్క ఏంటి

అమెరికాలో ఐటీ కాంట్రాక్టులు చేసే మనవాళ్లకి రిక్రూటర్ ఫోన్ చేస్తే తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది, డబ్ల్యూ2 (కంపెనీ ఉద్యోగి) మీద అయితే గంటకి 60 డాలర్లు, 1099 (సొంతంగా పని చేసే కాంట్రాక్టర్) మీద అయితే 65 ఇస్తాం, ఏది కావాలి అని. ఐదు డాలర్లు ఎక్కువొస్తున్నాయి కదా అని 1099కి సరే అనేసేవాళ్లు చాలామంది ఉంటారు. లెక్క వేసి చూద్దాం. డబ్ల్యూ2లో 60 డాలర్ల మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం పోతుంది, అంటే 4 డాలర్ల 59 సెంట్లు, మిగిలేది 55.41. 1099లో 65 డాలర్ల మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 9 డాలర్ల 18 సెంట్లు పోతుంది, మిగిలేది 55.82. ఇన్‌కమ్ ట్యాక్స్ జోలికి ఇంకా పోలేదు, అప్పుడే ఐదు డాలర్ల తేడా కాస్తా 41 సెంట్లకి వచ్చేసింది. పైగా 1099లో పెయిడ్ లీవ్ ఉండదు, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదు, పని పోతే మామూలుగా నిరుద్యోగ భృతి (అన్ఎంప్లాయ్‌మెంట్) కూడా రాదు.

ఈ ట్యాక్స్ పేరు వినగానే సొంతంగా పని చేసుకునేవాళ్ల మీద గవర్నమెంట్ అదనంగా వేసిన ఇన్‌కమ్ ట్యాక్స్ అనుకుంటారు, అది కాదు. ఇది సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కి కట్టే వాటా, అంటే ముసలితనంలో పెన్షన్‌కి, 65 దాటాక ఆసుపత్రి ఖర్చులకి, పని చేయలేని పరిస్థితి వస్తే డిసెబిలిటీకి. ఉద్యోగి అయితే జీతంలోంచి 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి, 1.45 శాతం మెడికేర్‌కి కట్ అవుతుంది, కంపెనీ కూడా సరిగ్గా అంతే తన జేబులోంచి కడుతుంది, కాకపోతే ఆ రెండో సగం పే స్టబ్ (జీతం స్లిప్పు) మీద ఎక్కడా కనిపించదు కాబట్టి ఉద్యోగికి అది ఉందన్న సంగతే గుర్తుండదు. సొంత పని మొదలెట్టిన రోజు నుంచి కంపెనీ తనే, ఉద్యోగీ తనే, కాబట్టి రెండు సగాలూ తనే కట్టాలి. 12.4 ప్లస్ 2.9, మొత్తం 15.3 శాతం.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చినప్పుడు సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు అసలు అందులో లేరు, వాళ్లని 1951 నుంచి చేర్చారు, అప్పుడు ఉద్యోగి కట్టేదానికి ఒకటిన్నర రెట్లు కడితే సరిపోయేది. 1983లో సోషల్ సెక్యూరిటీ ఫండ్ ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చి చట్టం మార్చినప్పుడు రెండు సగాలూ పూర్తిగా కట్టాల్సిందే అన్నారు, కొన్నేళ్లు ట్యాక్స్‌లో కొంత తగ్గింపు ఇచ్చి సర్దారు, 1990 నుంచి ఇప్పుడున్న పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో రెండు సర్దుబాట్లు ఉన్నాయి, అవి అర్థమైతే లెక్కంతా అర్థమైనట్టే.

ఒక ఉదాహరణ తీసుకుని ఫారంలో ఉన్న వరసలోనే పోదాం. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇంట్లో కూచిపూడి క్లాసులు చెప్పే ఒక టీచర్, గ్రీన్ కార్డ్ ఉంది, పెళ్లి కాలేదు, వేరే ఆదాయం ఏమీ లేదు. 2025లో ఫీజుల రూపంలో 58,000 డాలర్లు వచ్చాయి, హాలు అద్దె, మ్యూజిక్ సిస్టం, వెబ్‌సైట్, లయబిలిటీ ఇన్సూరెన్స్ లాంటి ఖర్చులు 8,000 అయ్యాయి. ఇవి వ్యాపారం లాభనష్టాలు చూపించే షెడ్యూల్ సీ ఫారంలో రాస్తే కింద నికర లాభం 50,000 అని తేలుతుంది. ఈ నంబర్ షెడ్యూల్ ఎస్ఈ అనే ఇంకో ఫారంలోకి వెళ్తుంది. అక్కడ ముందు దాన్ని 92.35 శాతంతో గుణించమంటారు, 46,175 వస్తుంది. ఈ 92.35 ఎక్కడిది అంటే వందలోంచి 7.65 తీసేస్తే వచ్చేది, ఉద్యోగి విషయంలో కంపెనీ కట్టే సగం అతని జీతంలో లెక్క కాదు కాబట్టి ఇక్కడ కూడా ఆ సగాన్ని ముందే పక్కన పెట్టి మిగతాదాని మీద ట్యాక్స్ వేస్తారు, ఇది మొదటి సర్దుబాటు. 46,175 మీద 12.4 శాతం అంటే 5,725.70, 2.9 శాతం అంటే 1,339.08, కలిపితే 7,065 డాలర్లకి కొంచెం తక్కువ. ఇదీ ఆవిడ సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్. ఇందులో సగం, 3,532 డాలర్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు, ఇది రెండో సర్దుబాటు. సగం తీసేసుకోవచ్చు అంటే ట్యాక్స్ సగానికి తగ్గిపోయినట్టు కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే, 7,065 పూర్తిగా కట్టాలి, దాంట్లో సగానికి ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు, అంతవరకే.

ఇప్పుడు ఆవిడ ఇన్‌కమ్ ట్యాక్స్ ఎంతో చూడండి. 50,000లోంచి ఆ 3,532 పోయి, 15,750 స్టాండర్డ్ డిడక్షన్ పోయి, చిన్న వ్యాపారాలకి ఇచ్చే క్యూబీఐ డిడక్షన్ (ఇక్కడ మిగిలినదాంట్లో 20 శాతం) పోయి, చివరికి ట్యాక్స్ పడే ఆదాయం 24,574 మిగులుతుంది, దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ సుమారు 2,710 డాలర్లు. అంటే భయపడుతూ కూర్చున్న ఇన్‌కమ్ ట్యాక్స్ 2,710 అయితే, పేరు కూడా సరిగ్గా వినని సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ దానికి రెండున్నర రెట్లకి పైనే. మధ్యతరగతి ఫ్రీలాన్సర్లకి ఏప్రిల్‌లో తగిలే షాక్‌లో ఎక్కువ భాగం ఇదే, వాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ శ్లాబులు చూసుకుని పది శాతమో పన్నెండు శాతమో పక్కన పెడతారు, ఇది ఆ శ్లాబుల్లో ఎక్కడా ఉండదు.

అసలు విషయం ఏంటంటే ఇన్‌కమ్ ట్యాక్స్ మనిషిని చూస్తుంది, పెళ్లయిందా, పిల్లలున్నారా, ఇంటి లోన్ ఉందా, రిటైర్మెంట్ అకౌంట్‌లో వేశారా అని అడిగి ఒక్కోదానికి కొంత తగ్గిస్తుంది. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఇవేమీ అడగదు, షెడ్యూల్ సీ అడుగున ఉన్న లాభం లైన్ ఒక్కటే చూస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ దీన్ని తగ్గించదు, క్యూబీఐ తగ్గించదు, సెప్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ అకౌంట్‌లో ఎంత వేసినా తగ్గదు, సొంతంగా కట్టుకునే హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఇన్‌కమ్ ట్యాక్స్‌లోనే పనికొస్తుంది గానీ ఇక్కడ పనికిరాదు (ఒక్క 2010 సంవత్సరానికి మాత్రం ఆ వెసులుబాటు ఇచ్చి మళ్లీ తీసేశారు). ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా వచ్చినా ఇది కట్టాల్సి రావచ్చు. కాబట్టి దీన్ని తగ్గించుకునే చోటు ఆ లాభం లైన్‌కి పైన ఉండే ఖర్చుల్లోనే ఉంది, అంటే నిజమైన బిజినెస్ ఖర్చు ప్రతిదీ షెడ్యూల్ సీలోకి రావాలి. సరిగ్గా చూపించిన ప్రతి వెయ్యి డాలర్ల ఖర్చుకీ 141 డాలర్ల సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ తగ్గుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మిగిలేది వేరే.

ఊబర్ నడిపేవాళ్లకీ, ఇళ్లకి ఫుడ్ డెలివరీ చేసేవాళ్లకీ ఇది చాలా పెద్ద తేడా. 2025కి అమెరికా ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ ఐఆర్ఎస్ మైలుకి 70 సెంట్లు ఖర్చుగా చూపించుకోనిచ్చింది, ఏడాదిలో 20,000 బిజినెస్ మైళ్లు తిరిగితే 14,000 డాలర్ల ఖర్చు, దాని వల్ల తగ్గే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఒక్కటే 1,978 డాలర్లు. కానీ దానికి లాగ్ కావాలి, ఏ రోజు, ఎక్కడికి, ఏ పని మీద, ఎన్ని మైళ్లు అని ఎప్పటికప్పుడు రాసుకున్నది. ఏప్రిల్‌లో కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన రౌండ్ నంబర్లు ఆడిట్‌లో నిలబడవు. పాసింజర్ లేకుండా తర్వాతి రైడ్ కోసం యాప్ ఆన్ చేసుకుని తిరిగిన మైళ్లు కూడా మామూలుగా బిజినెస్ మైళ్లే, యాప్ కంపెనీ ఇచ్చే రిపోర్టులో అవన్నీ ఉండకపోవచ్చు, సొంత లాగ్ ఉంటేనే దక్కుతాయి. ఇంట్లో ఒక గది పూర్తిగా పనికే వాడితే హోం ఆఫీస్ కింద చదరపు అడుగుకి 5 డాలర్ల చొప్పున 300 అడుగుల దాకా, గరిష్ఠంగా 1,500 డాలర్లు తీసుకునే తేలిక పద్ధతి ఉంది. పూర్తిగా పనికే అన్నది ముఖ్యం, పగలు ఆఫీసు, రాత్రి చుట్టాలకి పడక గది అయితే అది లెక్కలోకి రాదు.

ఇంకో పెద్ద అపోహ 600 డాలర్ల గురించి. 600 లోపు వస్తే 1099 ఫారం రాదు, రాకపోతే చూపించక్కర్లేదు అని బాగా ప్రచారంలో ఉంది. ఆ 600 అనేది డబ్బులిచ్చే కంపెనీ ఫారం పంపాల్సిన హద్దు, 2026లో ఇచ్చే డబ్బు నుంచి దాన్ని 2,000కి పెంచారు కూడా, తీసుకున్నవాళ్ల బాధ్యతకీ దానికీ సంబంధం లేదు. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ హద్దు 400 డాలర్లు, అది కూడా ఆ 92.35 శాతం లెక్క వేశాక, అంటే లాభం 434 డాలర్లకి చేరితే షెడ్యూల్ ఎస్ఈ నింపాల్సిందే. ఈ 400 అనేది 1951 నుంచి ఒక్క డాలర్ కూడా పెరగలేదు. అప్పట్లో అది నిజంగా ఒక మనిషికి కొన్ని వారాల సంపాదన, ఇప్పుడు రెండు బర్త్‌డే పార్టీలకి కేటరింగ్ చేస్తే వచ్చే డబ్బు. చిన్నచిన్న పనులు చేసుకునేవాళ్ల మీద ఇది అన్యాయమైన భారం, ధరలకి తగ్గట్టు ఎప్పుడో పెంచాల్సింది, పెంచలేదు. జెల్ (Zelle) యాప్‌లో వచ్చినా క్యాష్‌లో వచ్చినా ఆదాయం ఆదాయమే.

పగలు ఉద్యోగం, వీకెండ్ సొంత పని ఉన్నవాళ్లకి లెక్క కొంచెం మారుతుంది. సోషల్ సెక్యూరిటీ 12.4 శాతానికి ఏడాదికి ఒక పై హద్దు ఉంది, 2025లో 1,76,100 డాలర్లు, 2026లో 1,84,500. ఈ హద్దుని ముందు జీతమే వాడుకుంటుంది, మిగిలితేనే సొంత పని లాభానికి ఆ 12.4 పడుతుంది. 2025లో 90,000 జీతం ఉన్న ఒకరికి సైడ్ కన్సల్టింగ్‌లో 20,000 లాభం వస్తే దాని మీద 2,826 డాలర్లు పడుతుంది, అదే 1,80,000 జీతం ఉన్నవాళ్లకి అదే 20,000 మీద మెడికేర్ 536 మాత్రమే. ఎక్కువ సంపాదించేవాళ్లకి తక్కువ పడటం వింతగా ఉంటుంది గానీ పెన్షన్ లెక్క కూడా ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది, అదీ కారణం. మెడికేర్ 2.9కి హద్దు లేదు, పైగా సింగిల్ అయితే 2,00,000, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2,50,000 దాటిన దాని మీద 2013 నుంచి ఇంకో 0.9 శాతం ఉంది.

ఇంటి అద్దెల మీద, షేర్ల లాభాల మీద, బ్యాంకు వడ్డీ మీద మామూలుగా ఈ ట్యాక్స్ పడదు, అవి పని చేసి సంపాదించినవి కావు కాబట్టి.

కట్టే టైం విషయానికొస్తే జీతంలో అయితే ప్రతి పే చెక్‌లో కట్ అయిపోతుంది, ఇక్కడ ఎవరూ కట్ చేయరు, అందుకని ఏడాదిలో నాలుగుసార్లు ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కట్టమంటారు, ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, తర్వాతి జనవరి 15. క్వార్టర్ అంటారు గానీ మధ్య గ్యాప్ మూడేసి నెలలు ఉండదు, ఏప్రిల్ కట్టిన రెండు నెలలకే జూన్ వచ్చేస్తుంది, కొత్తవాళ్లు మిస్సయ్యేది ఎక్కువగా అదే. అన్నీ కలిపి 1,000 డాలర్లు లేదా అంతకన్నా ఎక్కువ బాకీ తేలేలా ఉంటే ఇలా కట్టాలి, లేకపోతే పెనాల్టీ, 2025లో అది ఏడాదికి 7 శాతం వడ్డీ లెక్కన పడింది. ఆదాయం ఎంతొస్తుందో తెలియని ఏడాదిలో నిశ్చింతగా ఉండే దారి ఒకటుంది, పోయినేడాది మొత్తం ట్యాక్స్ ఎంతో అంత ఈ ఏడాది నాలుగు భాగాలుగా టైంకి కట్టేస్తే (పోయినేడాది ఆదాయం 1,50,000 దాటితే 110 శాతం) మిగతాది ఎంత తేలినా పెనాల్టీ పడదు. భార్యాభర్తల్లో ఒకరు ఉద్యోగం, ఒకరు సొంత పని అయితే ఇంకా తేలిక, ఉద్యోగం చేసేవాళ్లు కంపెనీకి ఇచ్చే డబ్ల్యూ4 ఫారం మార్చి జీతంలో ఎక్కువ కట్ చేయించుకుంటే చాలు, అలా కట్ అయింది ఏడాదంతా సమానంగా కట్టినట్టే లెక్క, డిసెంబర్‌లో చేయించుకున్నా సరే.

ఎల్ఎల్‌సీ అనే రకం కంపెనీ పెడితే ఈ ట్యాక్స్ తప్పుతుందని కొందరు చెప్తుంటారు, ఒక్క ఓనర్ ఉన్న ఎల్ఎల్‌సీ ట్యాక్స్ దృష్టిలో లేనట్టే, అదే షెడ్యూల్ సీ, అదే 15.3. తేడా తెచ్చేది ఎస్ కార్ప్ ఎలక్షన్, అంటే కంపెనీని ట్యాక్స్ లెక్కలో ఎస్ కార్పొరేషన్‌గా చూడమని ఐఆర్ఎస్‌ని కోరడం. అందులో ఓనర్ తనకి తాను జీతం ఇచ్చుకుని దాని మీద పేరోల్ ట్యాక్స్ (జీతం మీద అదే 15.3 శాతం) కట్టి, మిగిలిన లాభం డిస్ట్రిబ్యూషన్‌గా తీసుకుంటే దాని మీద ఇది పడదు. 1,20,000 లాభానికి మామూలుగా 16,955 పడేది, 70,000 జీతం తీసుకుంటే 10,710తో పోతుంది. వినడానికి బాగుంది, కానీ పేరోల్ నడపాలి, కంపెనీకి వేరే రిటర్న్ వేయాలి, సీపీఏ (అకౌంటెంట్) ఫీజు పెరుగుతుంది, లాభం నలభై యాభై వేల దగ్గర ఉన్నవాళ్లకి మిగిలేది పెద్దగా ఉండదు. పైగా జీతం ఆ పనికి తగ్గట్టు ఉండాలి. అయోవాలో వాట్సన్ అనే అకౌంటెంట్ ఏడాదికి 24,000 మాత్రమే జీతంగా చూపించుకుని మిగతాదంతా డిస్ట్రిబ్యూషన్‌గా తీసుకున్నాడు, ఆ అనుభవానికి తగ్గ జీతం 91,044 అని కోర్టు తేల్చింది, 2012లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

తగ్గించుకునే ముందు ఆలోచించాల్సింది ఇంకోటి ఉంది, ఈ డబ్బు ఎక్కడికి పోతోంది అన్నది. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే జీవితం మొత్తంలో 40 క్రెడిట్లు (సంపాదనని బట్టి రికార్డులో పడే పాయింట్లు) కావాలి, ఏడాదికి గరిష్ఠంగా నాలుగు, అంటే కనీసం పదేళ్లు. 2025లో ఒక క్రెడిట్‌కి 1,810 డాలర్ల సంపాదన ఉండాలి, నాలుగింటికి 7,240. ఇంట్లో సంగీతం చెప్పుకునే ఒక హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే పని అనుమతి) ఆవిడకి ఏడాదిలో 7,840 డాలర్ల లాభం (92.35 శాతం లెక్క వేశాక 7,240) వస్తే చాలు, 1,108 డాలర్లు కట్టి ఆ ఏడాది నాలుగు క్రెడిట్లూ తన పేరు మీద వేసుకోవచ్చు. క్యాష్‌లో తీసుకుని చూపించకపోతే ఆ ఏడాది ఆవిడ రికార్డులో సున్నా.

మన దుకాణాల్లో, గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్లలో ఇది ఇంకా బాధ కలిగించే విషయం. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్లో నిలబడతారు, షెడ్యూల్ సీ మాత్రం ఆయన పేరు మీద ఒక్కటే వేస్తారు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ అంతా ఆయన నంబర్ మీదే జమ అవుతుంది. ఇరవై ఏళ్లు పని చేసినా ఆవిడ సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్ ఖాళీ. భార్యగా ఆయన పెన్షన్‌లో సగం దాకా రావచ్చు, నిజమే, కానీ ఆవిడకే ఏదైనా జబ్బు చేసి పని చేయలేని స్థితి వస్తే డిసెబిలిటీకి సొంత క్రెడిట్లు కావాలి, మామూలుగా గత పదేళ్లలో 20. దీనికి దారి ఉంది, ఎల్ఎల్‌సీ, కార్పొరేషన్ లాంటివి లేకుండా ఇద్దరూ నడిపే వ్యాపారమైతే జాయింట్ రిటర్న్‌లో క్వాలిఫైడ్ జాయింట్ వెంచర్ అని ఎంచుకుని లాభం పంచుకుని ఇద్దరూ విడివిడిగా షెడ్యూల్ సీ, షెడ్యూల్ ఎస్ఈ వేయొచ్చు, టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక సంపాదించింది మామూలుగా ఇద్దరిదీ అనే చట్టం ఉన్న) రాష్ట్రాల్లో ఇద్దరి ఎల్ఎల్‌సీకి కూడా దీనికి దగ్గర వెసులుబాటు ఉంది. చాలా కుటుంబాలకి మొత్తం ట్యాక్స్ దాదాపు అంతే ఉంటుంది, రికార్డు మాత్రం ఇద్దరికీ ఏర్పడుతుంది. ఈ మాట ట్యాక్స్ ప్రిపేరర్ తనంతట తాను చెప్పాలి, చెప్పకపోతే అడిగి వేయించుకోవాలి.

వీసాల మీద ఉన్నవాళ్ల సంగతి. హెచ్1బీ మీద సైడ్ ఫ్రీలాన్సింగ్‌కి పర్మిషన్ లేదు కాబట్టి అక్కడ ప్రశ్నే రాకూడదు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వచ్చి మామూలు ఓపీటీలో (చదువుతో ముడిపడిన తాత్కాలిక పని అనుమతిలో) 1099 మీద పని చేసేవాళ్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ట్యాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్లు, నాన్ రెసిడెంట్ల మీద ఈ ట్యాక్స్ పడదు, నాన్ రెసిడెంట్ల రిటర్న్ అయిన 1040ఎన్ఆర్ వేయాలి. తెలియక మామూలు 1040 సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అది 15.3 శాతం వేసేస్తుంది, కట్టక్కర్లేని డబ్బు కట్టేస్తారు.

సిటిజన్‌షిప్‌తోనో గ్రీన్ కార్డుతోనో హైదరాబాద్ తిరిగొచ్చి ఇక్కడి నుంచి సొంతంగా కన్సల్టింగ్ చేసేవాళ్లకి పరిస్థితి తలకిందులు. విదేశంలో సంపాదించింది 2025కి 1,30,000 డాలర్ల దాకా అమెరికా ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి మినహాయించుకోవచ్చు, కానీ ఆ మినహాయింపు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌కి వర్తించదు, ఇండియాలో కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్‌కి క్రెడిట్ కూడా దీనికి ఇవ్వరు. 60,000 డాలర్ల లాభం ఉంటే అమెరికా ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా చేసుకున్నా 8,478 డాలర్లు కట్టాల్సిందే. అదే మనిషి జర్మనీలోనో జపాన్‌లోనో ఉంటే తప్పించుకునే వీలుంది, ఎందుకంటే ఆ దేశాలతో అమెరికాకి టోటలైజేషన్ ఒప్పందం ఉంది, ఒక దేశంలో కడితే రెండో దేశంలో కట్టక్కర్లేదు, రెండు చోట్లా పని చేసిన కాలాన్ని కలిపి పెన్షన్‌కి లెక్కేస్తారు. ఇండియాతో అలాంటి ఒప్పందం లేదు. అందుకే ఇక్కడి నుంచి పని చేసేవాళ్లు ఎస్టిమేటెడ్ ట్యాక్స్ తేదీలు మానకుండా చూసుకోవాలి, రిటర్న్ కూడా ఏళ్ల తరబడి వాయిదా వేయకూడదు, ఎందుకంటే సొంత పని ఆదాయాన్ని ఆ సంవత్సరం అయిపోయాక మూడేళ్ల మూడు నెలల పదిహేను రోజుల్లోపు చూపించకపోతే తర్వాత ట్యాక్స్ కట్టినా మామూలుగా ఆ ఏడాది క్రెడిట్లు సోషల్ సెక్యూరిటీ రికార్డులోకి ఎక్కవు.